లెక్కలు తేలేసరికి ఒళ్లు గుల్ల: ఫైనాన్స్ ఉద్యోగి ఫిట్‌నెస్‌లో టీమ్ లీడర్ వాటా ఎంత?

యువత వారానికి 70 గంటలు పనిచేయాలని ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన నారాయణ మూర్తి 2023 అక్టోబరులో అన్నారు. 2025 జనవరిలో బయటికొచ్చిన వీడియోలో ఎల్ అండ్ టీ ఛైర్మన్ ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ ఆ లెక్కను 90కి తీసుకెళ్లారు. ఈ రెండింటి మధ్య, 2024లో, పుణెలో ఉద్యోగంలో చేరిన నాలుగు నెలలకే ఒక యువ చార్టర్డ్ అకౌంటెంట్ చనిపోయారు. అప్పటినుంచి అకౌంట్స్, ఆడిట్, ట్యాక్స్ విభాగాల్లో ఒకటే వాదన. పొద్దున అయిదింటికి లేస్తే వ్యాయామానికి టైమ్ ఎందుకు దొరకదని ఒక వర్గం. క్లోజ్‌లో (నెల లెక్కలు ముగించే రోజుల్లో) ఒక్కసారి కూర్చుని ఆ మాట అనమని రెండో వర్గం.

రెండు వర్గాలూ కొంతవరకే సరి. వాదన తెగకపోవడానికి కారణం, ఎక్కువ గంటల పని, ఎక్కువసేపు కూర్చోవడం, వ్యాయామం లేకపోవడం, నిద్ర చాలకపోవడం అనే నాలుగు వేర్వేరు సంగతులను ఒకే మూట కట్టి మాట్లాడుకోవడం. ఈ నాలుగింటిలో కొన్ని ఉద్యోగి చేతిలో ఉన్నాయి, కొన్ని టీమ్ లీడర్ చేతిలో ఉన్నాయి.

ముందు 168 గంటల లెక్క

వారానికి 168 గంటలు. హైదరాబాద్‌లో మియాపూర్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు రానుపోను రోజుకు రెండు గంటలు, వారానికి ఆరు రోజులు అనుకుంటే ప్రయాణానికి 12 గంటలు. రాత్రికి 7 గంటల నిద్ర చొప్పున 49. స్నానం, తిండి, ఇంటిపని కలిపి రోజుకు రెండున్నర గంటలు, అంటే 17.5. ఇవన్నీ పోగా మిగిలేవి 89.5 గంటలు.

అందులోంచి 70 గంటల పని తీసేస్తే ఇంకా 19.5 గంటలు ఉంటాయి. వ్యాయామానికి కావలసింది వారానికి రెండున్నర గంటలే. కాబట్టి 70 గంటల దగ్గర కూడా, కాగితం మీద, టైమ్ ఉంది. అదే 90 గంటలు తీసేస్తే అరగంట తక్కువ పడుతుంది. ఆ అరగంటకు తోడు వ్యాయామం, పిల్లలు, అమ్మానాన్నల ఆస్పత్రి పనులు అన్నీ నిద్రలోంచే రావాలి.

అయితే ఈ లెక్కలో ఒక మోసం ఉంది. వారమంతా ఒకేలా ఉంటుందని అనుకున్నాం. ఫైనాన్స్‌లో ఏ వారమూ ఇంకో వారంలా ఉండదు.

నాలుగు చిక్కులు, నాలుగు రకాల ఆధారాలు

ఎక్కువ గంటల పని గురించి అందరూ ఎత్తిచూపేది ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021 మేలో వెలువరించిన అంచనా. వారానికి 35-40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెకు రక్తం అందక చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని అందులో తేలింది. ఇది జనాన్ని గమనించి కట్టిన లెక్క. ఎక్కువ గంటలు పనిచేసేవాళ్లలో పొగ తాగడం, తిండివేళలు తప్పడం లాంటివి కూడా ఎక్కువ ఉండొచ్చు, వాటిని పూర్తిగా విడదీయడం కష్టం. అలాగని కొట్టిపారేయడానికీ లేదు.

కూర్చోవడం వేరే సంగతి. పొద్దున గంట నడిచి, తర్వాత పదకొండు గంటలు కుర్చీకి అతుక్కుపోయే మనిషి వ్యాయామం చేసినవాడా, చేయనివాడా? 2016లో లాన్సెట్ పత్రికలో పది లక్షల మందికి పైగా జనం సమాచారంతో వచ్చిన విశ్లేషణ దీనికి కాస్త జవాబిచ్చింది. రోజుకు 8 గంటలకు మించి కూర్చునేవాళ్లలో కనిపించే అదనపు మరణ ముప్పు, రోజుకు 60 నుంచి 75 నిమిషాలు చురుగ్గా నడిచే స్థాయి శ్రమ చేసేవాళ్లలో దాదాపు కనిపించలేదు. అరగంట నడకతో ముప్పు తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు. ఎంత ఎక్కువ కూర్చుంటే అంత ఎక్కువ నడక బాకీ.

ఆ బాకీని చిల్లరగా కూడా తీర్చుకోవచ్చని ఇంకో రకం ప్రయోగాలు చెబుతున్నాయి. 2012లో వచ్చిన ఒక ఆస్ట్రేలియా ప్రయోగంలో, ప్రతి 20 నిమిషాలకోసారి లేచి 2 నిమిషాలు నడిచినవాళ్లకు తీపి పానీయం తాగాక రక్తంలో పెరిగే గ్లూకోజు, ఏకధాటిగా కూర్చున్నప్పటితో పోలిస్తే సుమారు పావు వంతు తగ్గింది. పాల్గొన్నది 19 మందే. అయినా అన్నం తిని నేరుగా సీటుకొచ్చే మనకు ఇది పనికొచ్చే సంగతి. మధ్యాహ్నం భోజనం తర్వాతి గంటన్నరలో నాలుగైదు సార్లు లేవడం, సాయంత్రం ఒకేసారి లేవడం శరీరానికి ఒకటి కావు.

వ్యాయామం కొలత 2020 నుంచి కొంచెం సులువైంది. పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ, దానికి తోడు వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు పని అని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మాట్లాడగలిగి పాట పాడలేకపోతే అది మధ్యస్థ శ్రమ. ఒక్కో విడతా కనీసం 10 నిమిషాలు ఉండాలనే పాత షరతు తీసేశారు. మెట్రో స్టేషన్ మెట్లు కూడా లెక్కలోకి వస్తాయి.

ఇక నిద్ర. పనిలో తప్పులకు నేరుగా ముడిపడేది ఇదే, టీమ్ లీడర్లు అతి తక్కువగా పట్టించుకునేదీ ఇదే. వరసగా 17 నుంచి 19 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని 2000లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. మన మోటారు వాహనాల చట్టం పరిమితి 30 మిల్లీగ్రాములు. పొద్దున ఆరింటికి లేచినవాళ్లు రాత్రి 11 గంటలకు జర్నల్ ఎంట్రీ (పుస్తకంలో లెక్క రాసే పద్దు) పోస్ట్ చేస్తున్నారంటే ఆ పరిమితి దాటిన మనిషితో సమానమన్నమాట. 2003 నాటి ఇంకో ప్రయోగంలో 14 రోజులు వరసగా రాత్రికి 6 గంటలే పడుకున్నవాళ్లు, ఒకటి రెండు రాత్రులు బొత్తిగా నిద్రలేనివాళ్లలాగే తడబడ్డారు. తాము అంత దిగజారామని మాత్రం వాళ్లకు తెలియలేదు. "నాకు ఆరు గంటలు చాలు" అనే సీనియర్ల మాటను ఈ వెలుగులో వినాలి.

ఆ తప్పులు ఎలా ఉంటాయో అకౌంట్స్ వాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 63,450 బదులు 64,350 కొడతారు. తేడా 900. తేడాను 9తో భాగిస్తే శేషం లేకుండా పోతే పక్కపక్క అంకెలు తారుమారయ్యాయేమో చూడమని పాత గుమాస్తాలు నేర్పే చిట్కా ఇదే. రాత్రి 11కు అరసెకనులో దొర్లిన ఈ తప్పును మర్నాడు వెతకడానికి నలభై నిమిషాలు పడుతుంది. ఆ నలభై నిమిషాలు ఎవరి నడకలోంచో పోతాయి.

తూకం మామూలే, నడుము మాత్రం కాదు

170 సెంటీమీటర్ల ఎత్తు, 70 కిలోల బరువున్న మనిషి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువో కాదో చూపే కొలత) 24.2. అంతర్జాతీయ కొలతలో ఇది మామూలు బరువు. భారతీయులకు 2009లో మన వైద్యులు కుదుర్చుకున్న కొలతలో 23 దాటితే అధిక బరువు, 25 నుంచి ఊబకాయం. మన ఒంట్లో కొవ్వు పొట్టచుట్టూ, కాలేయంలో ముందుగా చేరడమే ఈ తేడాకు కారణం. అందుకే నడుము కొలత ముఖ్యం. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్యన, ఊపిరి వదిలాక టేపు పెట్టి చూస్తే మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు. ప్యాంటు సైజు చూసి మురిసిపోతే లాభం లేదు, చాలామంది దాన్ని పొట్ట కిందికి దించి కడతారు.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఏఐజీ ఆస్పత్రి పరిశోధకులు నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు కనిపించింది. ఈ అంకె పార్లమెంటు దాకా వెళ్లింది. ఒక నగరంలో, ఒక రంగంలో, పరీక్షకు ఒప్పుకున్న కొద్దిమంది మీద వచ్చిన అంకె కాబట్టి ఫైనాన్స్ వాళ్లకూ అచ్చంగా ఇంతేనని చెప్పలేం. ఒకే బిల్డింగ్, ఒకే కుర్చీ, ఒకే క్యాంటీన్ అన్నది మాత్రం నిజం.

ఈ ఉద్యోగం అలలు అలలుగా ఎందుకుంటుంది

క్లోజ్ అంటే నెల అయిపోయాక ఆ నెల లెక్కలు సరిచూసి, ఇక ఎవరూ మార్చకుండా తాళం వేయడం. పనిదినాలను డబ్ల్యూడీ-1, డబ్ల్యూడీ-2 అని లెక్కపెడతారు. చాలా కంపెనీల్లో డబ్ల్యూడీ-5కి అంకెలు పైకి వెళ్లాలి. ఆ ఊపిరాడని వారంలోనే 7న టీడీఎస్ (చెల్లింపుల్లోంచి ముందే కోసిన పన్ను) చెల్లింపు. తర్వాత 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాల జీఎస్టీ రిటర్ను), 15న పీఎఫ్, ఈఎస్ఐ, 20న జీఎస్టీఆర్-3బీ (పన్ను కట్టే జీఎస్టీ రిటర్ను). జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల్లో 15న ముందస్తు పన్ను. లిస్టయిన కంపెనీ అయితే మూడు నెలల ఫలితాలకు 45 రోజులు, సంవత్సరం ఫలితాలకు 60 రోజుల గడువు.

గడువు పొడిగిస్తే ఉపశమనం అనుకుంటారు బయటివాళ్లు. 2025లో ట్యాక్స్ ఆడిట్ రిపోర్టు గడువు సెప్టెంబరు 30 నుంచి అక్టోబరు 31కి, మళ్లీ నవంబరు 10కి జరిగింది. మొదటి పొడిగింపు కబురు సెప్టెంబరు చివరి వారంలో వచ్చింది. అప్పటికే రాత్రులు కాలిపోయాయి, మిగిలిన ఫైళ్లు దీపావళిలోకి పాకాయి.

అమెరికా మాతృసంస్థకు లెక్కలు పంపే హైదరాబాద్ సెంటర్లది ఇంకో తంటా. న్యూయార్క్‌లో సాయంత్రం 5 గంటల కటాఫ్ అంటే ఇక్కడ ఎండాకాలంలో తెల్లవారుజామున 2.30, చలికాలంలో 3.30.

పొద్దున అయిదింటికి లేవమనే సలహా పనిచేయనిది క్లోజ్ వారంలోనే. మిగతా మూడు వారాల్లో పనిచేస్తుంది. క్లోజ్‌ను సాకుగా పెట్టుకుని నెలంతా జిమ్ మానేసేవాళ్లూ తక్కువేం లేరు.

పన్నెండు గంటల రివ్యూ ఎక్కడ పుట్టింది

ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. ఆరుగురి టీమ్, వాళ్ల పనిని సరిచూసే ఒక కంట్రోలర్. నెలకు 60 బ్యాలెన్స్ షీట్ రీకోలు. రీకో అంటే ఒకే లెక్క రెండు చోట్ల ఉన్నప్పుడు పక్కపక్కన పెట్టి తేడా తేల్చడం, ఉదాహరణకు మన పుస్తకంలోని బ్యాంకు నిల్వ, బ్యాంకు స్టేట్‌మెంట్‌లోని నిల్వ. ఒక్కోటి రివ్యూ చేయడానికి 12 నిమిషాలు. 60 అంటే 720 నిమిషాలు, పన్నెండు గంటలు. ఇవన్నీ డబ్ల్యూడీ-3 సాయంత్రానికి కంట్రోలర్ మెయిల్‌లో వచ్చి పడతాయి. పగలంతా మీటింగులు. రివ్యూ రాత్రి ఎనిమిదికి మొదలవుతుంది. ఏదైనా ప్రశ్న వస్తే జవాబివ్వడానికి ఆరుగురూ పన్నెండు దాకా కూర్చుంటారు. రోజుకు ఆరు నాలుగులు ఇరవై నాలుగు గంటలు, చాలావరకు ఊరికే ఎదురుచూడడం. ఆ ఎదురుచూపులోనే బిర్యానీ ఆర్డర్ పడుతుంది.

పైకి చూస్తే ఇది పని ఎక్కువవడం. లోపల చూస్తే పని ఒకే గొంతులో ఇరుక్కోవడం. ఇక్కడ నాయకత్వం అంటే ఉపన్యాసం కాదు, ఆ 60ని విడదీయడం.

పెద్ద మొత్తాలు, అంచనాలతో కూడిన ఖాతాలు 18 ఉన్నాయనుకుందాం: ప్రొవిజన్లు (రాబోయే ఖర్చుకు ముందే పక్కన పెట్టే మొత్తాలు), ఒకే గ్రూపు కంపెనీల మధ్య ఇంటర్‌కంపెనీ బాకీలు, రెవెన్యూకు ముడిపడినవి. వాటికి 12 కాదు, 15 నిమిషాలు ఇవ్వాలి. మొత్తం 270 నిమిషాలు. ముందే కట్టేసిన (ప్రీపెయిడ్) ఖర్చుల తరుగు, కదలిక తక్కువున్న బ్యాంకు ఖాతాల్లాంటి రొటీన్ రీకోలు 27. వీటిని 25వ తేదీ నాటికే ముసాయిదాగా తయారు చేసి, నెలాఖరు కదలికలు మాత్రం కలిపితే రివ్యూకు 5 నిమిషాలు చాలు, 135 నిమిషాలు. మిగిలిన 15 ఖాతాలు నెలల తరబడి కదలనివి, పాత డిపాజిట్లలాంటివి. వాటిని మూడు నెలలకోసారి చూస్తే సరి. మొత్తం 405 నిమిషాలు, ఆరుంముప్పావు గంటలు. అదీ అన్నీ ఒకే రాత్రి పడకుండా.

ఇందులో చెడేదెక్కడ? మొదటిది, అంతర్గత ఆర్థిక నియంత్రణల పత్రంలో "ప్రతి నెలా" అని రాసి ఉంటే దాన్ని ముందు మార్చాలి, ఆడిటర్‌కు చెప్పాలి. లేకపోతే ఆ 15 రీకోలు ఆడిట్‌లో లోపాలుగా తేలతాయి. రెండోది, మూడు నెలలు ముగిసే క్వార్టర్ ఎండ్‌లో 60కి 60 చేయాల్సిందే, కాబట్టి ఆ వారం బరువు తగ్గదు. మూడోది అందరూ మరిచేది. ఆలస్యం చాలాసార్లు ఫైనాన్స్‌లో పుట్టదు. కొనుగోలు విభాగం సరుకు ముట్టిన కాగితాలు డబ్ల్యూడీ-1కి బదులు డబ్ల్యూడీ-3న ఇస్తే అక్రూవల్స్, అంటే బిల్లు రాకపోయినా వాడుకున్నదానికి ఖర్చు రాయడం, అక్కడే ఆగిపోతుంది. టీమ్‌లో ఎవరూ ఆ విభాగం పెద్దతో గట్టిగా మాట్లాడలేరు. అది కంట్రోలర్ పని, అంతకు పైన ఆర్థిక విభాగాధిపతి అయిన సీఎఫ్‌ఓ పని.

ఈ వాదనను ఒప్పుకోని మేనేజర్లు ఉన్నారు, వాళ్లదీ విందాం. రివ్యూ తగ్గిస్తే తప్పు జారిపోతే సంతకం ఎవరిది? కొత్తగా వచ్చిన పిల్లలు అన్ని రీకోలూ చేస్తేనే కదా పని నేర్చుకునేది? మొదటి ప్రశ్నకు బలం ఉంది. అందుకే పెద్ద ఖాతాలకు సమయం పెంచడం ఈ లెక్కలో భాగం. రెండోదానికి అంత బలం కనపడదు. అర్ధరాత్రి దాకా ప్రశ్న కోసం ఎదురుచూడడంలో నేర్చుకునేది ఏమీ లేదు.

క్లోజ్ వారంలో ఎంత చేస్తే నిలబడుతుంది

కష్టపడి మూడు వారాలు బరువులు ఎత్తి నాలుగో వారం మానేస్తే అంతా నీళ్లపాలేనని చాలామంది భయం, ఆ భయంతోనే మొత్తానికి మానేస్తారు. 2011లో వచ్చిన ఒక ప్రయోగం ఇక్కడ ధైర్యమిస్తుంది. 16 వారాలు, వారానికి మూడు రోజుల చొప్పున బరువుల వ్యాయామం చేసినవాళ్లలో ఒక గుంపు, తర్వాత 32 వారాలు మోతాదును తొమ్మిదో వంతుకు తగ్గించారు. 20 నుంచి 35 ఏళ్లవాళ్లలో కండరం, బలం నిలబడ్డాయి. 60 దాటినవాళ్లలో కండరం అంతగా నిలబడలేదు. ఎత్తే బరువును తగ్గించకుండా సెట్ల సంఖ్యను తగ్గించడమే ఇందులో కిటుకు.

దీన్ని నెలకు అన్వయిస్తే: మామూలు వారాల్లో 180 నిమిషాల చురుకైన నడక, రెండు విడతల బరువులు. క్లోజ్ వారంలో 60 నిమిషాల నడక, ఆరేసి నిమిషాల ముక్కలుగా పది సార్లు, ఒక్క విడత బరువులు. ఆ విడతలో స్క్వాట్, పుషప్, రబ్బరు పట్టీతో రోయింగ్ ఒక్కో సెట్ చొప్పున, పావుగంట. మూడు నూట ఎనభైలు 540, దానికి 60 కలిపితే 600. నాలుగు వారాల సగటు 150 నిమిషాలు. అధికారిక సూచన మాత్రం వారానికి కానీ నెలకు కాదు, కాబట్టి ఇది సర్దుబాటే.

శని, ఆదివారాల్లోనే మొత్తం చేసేస్తే? బ్రిటన్‌లో సుమారు 90 వేల మంది చేతులకు కదలికల మీటర్లు కట్టి చూసిన 2023 అధ్యయనంలో, 150 నిమిషాల్లో సగానికి పైగా ఒకటి రెండు రోజుల్లోనే చేసినవాళ్లకూ గుండెజబ్బులు, పక్షవాతం ముప్పు దాదాపు అంతే తగ్గింది. వారం పొడుగునా కుర్చీలో ఉండి ఆదివారం నేరుగా ఫాస్ట్ బౌలింగ్ చేస్తే తొడ కండరం పట్టేస్తుంది, అది వేరే.

క్లోజ్ వారం తిండిలో మొదట తగ్గేది ప్రొటీన్. జాతీయ పోషకాహార సంస్థ 2020 సూచన కిలో బరువుకు 0.83 గ్రాములు, 70 కిలోలకు 58 గ్రాములు. 30 గ్రాముల కందిపప్పుతో వండిన పప్పులో సుమారు 6 గ్రాములే ఉంటుంది, ఒక గుడ్డులోనూ అంతే. సాయంత్రం సమోసా, రాత్రి పెరుగన్నంతో గడిపేస్తే సగానికే చేరతాం. ఆఫీసు డబ్బుతో వచ్చే రాత్రి భోజనాన్ని పదిన్నరకు కాక ఎనిమిదికి తెప్పించడం, అందులో గుడ్డో పనీరో శనగలో ఉండేలా చూడడం టీమ్ లీడర్ చేతిలో పని. ఎనిమిదికి తిన్నవాళ్లు తొమ్మిదికి ఇంటికి బయల్దేరే అవకాశమూ ఎక్కువ.

యోగా శిబిరం పెడితే సరిపోతుందా

కంపెనీలకు తేలికైన దారి వెల్‌నెస్ ప్రోగ్రామ్. అమెరికాలో ఒక పెద్ద టోకు దుకాణాల సంస్థలో దాదాపు 33 వేల మంది ఉద్యోగుల మీద జరిపిన ప్రయోగం 2019లో వెలువడింది. ఏ శాఖలకు ప్రోగ్రామ్ ఇవ్వాలో లాటరీ పద్ధతిలో ఎంచారు. ఏడాదిన్నర తర్వాత ప్రోగ్రామ్ ఉన్న శాఖలవాళ్లు వ్యాయామం ఎక్కువ చేస్తున్నామని చెప్పారు. బీపీ, కొలెస్టరాల్, బరువు, వైద్య ఖర్చు, సెలవులు, పనితీరుల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. అది మన దేశం కాదు, ఆఫీసు ఉద్యోగమూ కాదు. అయినా, డబ్ల్యూడీ-3న సాయంత్రం ఆరింటికి జుంబా క్లాసు పెట్టే హెచ్ఆర్ మెయిల్ వచ్చినప్పుడు టీమంతా ఎందుకు నవ్వుకుంటుందో ఇది కొంత వివరిస్తుంది.

చట్టం ఎక్కడిదాకా

2025లో తెలంగాణ వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల పనికి అనుమతిచ్చింది, వారానికి 48 గంటల పరిమితిని అలాగే ఉంచి. ఆంధ్రప్రదేశ్ కూడా రోజు పరిమితిని 10 గంటలకు పెంచే నిర్ణయం తీసుకుంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కేంద్ర కార్మిక కోడ్‌లలో అదనపు గంటలకు రెట్టింపు వేతనం ఉంది. కానీ కార్మికుడు అనే నిర్వచనంలోంచి మేనేజర్ స్థాయి, పాలనా విధుల్లో ఉన్నవాళ్లను, నెలకు 18 వేలు దాటిన సూపర్‌వైజర్లను తప్పించారు. అసిస్టెంట్ మేనేజర్, డిప్యూటీ మేనేజర్ హోదాలున్న ఫైనాన్స్ ఉద్యోగుల్లో చాలామందిని ఆ గీతకు అవతలే లెక్కేస్తారు. పని చూడాలా, విజిటింగ్ కార్డు మీది హోదా చూడాలా అన్న వాదన కోర్టులకు కొత్తది కాదు.

చట్టం సంగతి ఎలా ఉన్నా, టీమ్ ఎంత రాత్రిదాకా ఉందో తెలుసుకోవడానికి సర్వే అక్కర్లేదు. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆడిట్ ట్రయల్ తప్పనిసరి. ఏ ఎంట్రీ ఎవరు, ఎప్పుడు మార్చారో అందులో ఉంటుంది. రాత్రి 9 తర్వాత పడిన ఎంట్రీలను నెలవారీగా తీసి, వాటిలో ఎన్నింటిని మర్నాడు తిరగరాయాల్సి వచ్చిందో పక్కన పెడితే ఒక పేజీలో బొమ్మ కడుతుంది. ప్రశ్న వస్తుందేమోనని ఊరికే కూర్చున్నవాళ్లు మాత్రం ఆ పేజీలో కనిపించరు. వాళ్ల కోసం ట్రాన్స్‌పోర్ట్ డెస్క్ దగ్గరున్న రాత్రి క్యాబ్‌ల లిస్టు తెప్పించుకోవాలి.